కరెంటు, నీళ్లు కలిపి కిరాయి: హిమాయత్‌నగర్ పోర్షన్‌లో చాలాకాలం ఉన్నాక

కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ అన్నీ ఒకే కిరాయిలో వచ్చే ఇల్లు హైదరాబాద్ నడిబొడ్డున దొరికితే నెల మొదట్లో తలనొప్పే ఉండదు. నీళ్ల విషయంలో నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. కరెంటు దగ్గర మాత్రం కోపం ఇంకా చల్లారలేదు.

"అన్నీ కలిపి" అన్నా దానికో హద్దు ఉంటుంది. మా పోర్షన్‌కు నెలకు 150 యూనిట్లు కిరాయిలోనే. దాటితే సబ్‌మీటర్ (మా పోర్షన్ వాడకాన్ని విడిగా లెక్కేసేందుకు ఓనర్ పెట్టిన చిన్న మీటర్) చూసి యూనిట్‌కు 10 రూపాయలు. ఏసీ లేదు. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, పొద్దున అరగంట గీజర్, లైట్లు, టీవీ కలిపితే 120 దగ్గర ఆగాలి. రీడింగ్ మాత్రం ప్రతిసారీ 180 దగ్గర తేలేది. తీరా చూస్తే బిల్డింగ్ మొత్తానికి నీళ్లెక్కించే బోరు మోటార్ మా సబ్‌మీటర్ మీద నడుస్తోంది!

దీన్ని పట్టుకోవడం తేలికే. సబ్‌మీటర్ మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది, పక్కన 3200 అని అచ్చు వేసి ఉంటుంది. అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. కొన్ని మీటర్లకు ఈ అంకె వేరు, చూసుకోండి. ఇంట్లో ఎంసీబీలన్నీ (కరెంటు బోర్డులో ఫ్యూజుల బదులు ఉండే స్విచ్‌లు) దించేస్తే లైటు వెలగడం ఆగిపోవాలి. రెండు నిమిషాలకోసారి మెరుస్తోందంటే మెట్ల దగ్గరి 9 వాట్ల బల్బులాంటిదేదో మీ లెక్కలో ఉన్నట్టు. ఇంచుమించు సెకనుకోసారి మెరిస్తే మోటారే. అయితే మోటార్ వేసే వేళకే చూడాలి, మిట్టమధ్యాహ్నం చూస్తే ఏమీ దొరకదు. ఒక హెచ్‌పీ మోటార్ గంటకు దాదాపు ఒక యూనిట్ లాగుతుంది. రోజుకు రెండు గంటలు నడిస్తే నెలకు 60 యూనిట్లు. తేడా సరిగ్గా అక్కడే ఉంది.

సరిచేయడం ఎలక్ట్రీషియన్‌కు అరగంట పని. మోటార్ స్టార్టర్‌కు వెళ్లే ఫేజు వైరును సబ్‌మీటర్ అవుట్‌పుట్ నుంచి తీసి, మెయిన్ మీటర్ తర్వాత ఉన్న కామన్ ఎంసీబీకి కలపాలి. న్యూట్రల్ కూడా అటే మారాలి, లేకపోతే కొన్ని మీటర్లు దాన్ని కూడా లెక్కేస్తాయి. ఓనర్‌గారు వైరైతే మార్పించారు గానీ, అప్పటిదాకా ఎక్కువ కట్టిన డబ్బు ఇప్పటికీ సర్దలేదు.

ఆ పది రూపాయల రేటుకు మాత్రం కారణం ఉంది. మూడు పోర్షన్లకూ సర్వీస్ నంబర్ ఒక్కటే, అంటే అందరి వాడకమూ ఒకే మెయిన్ మీటర్‌పై, ఒకే బిల్లులో పడుతుంది. 2022 నుంచి ఉన్న స్లాబుల ప్రకారం నెలకు 200 యూనిట్లు వాడిన ఇంటికి ఎనర్జీ చార్జీ (వాడిన యూనిట్లకు పడే ధర) 820 రూపాయలు. అలాంటి ఇళ్లు రెండు విడి మీటర్లపై ఉంటే మొత్తం 1640. అదే 400 ఒక్క మీటర్‌పై తిరిగితే 2690. 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు పడుతుంది, ఆ 400లో 300 దాటిన యూనిట్లకు 9 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతికి అర్హులైన కిరాయిదారులకు ఇంకా నష్టం: ఉమ్మడి మీటర్ 200 లోపు ఆగడం కల్ల, ఉచిత కరెంటు చేతికందదు.

నీళ్ల సంగతికొస్తే, సంపు పెద్దది కాబట్టి నల్లా రాని రోజు కూడా ఇబ్బంది లేదు. ఎండాకాలంలో ట్యాంకర్ల ఖర్చు మాత్రం విడిగా పంచుతారు, అగ్రిమెంట్‌లో దాని ఊసే లేదు. బోరు నీళ్లకు గీజర్ రాడ్డుకు తెల్లగా పెంకు కడుతుంది. అప్పుడు రాడ్డు మరీ వేడెక్కి త్వరగా పాడవుతుంది. ఏడాదికోసారి రాడ్డు తీసి శుభ్రం చేయించాలి.

ఇప్పుడు రీడింగ్ 150 లోపే ఉంటోంది, నారాయణగూడ మెట్రో దగ్గర, అందుకని ఇక్కడే ఉంటున్నాను. ఏసీ వాడే కుటుంబమైతే కిరాయి రెండు వేలు ఎక్కువైనా విడి మీటర్ ఉన్న ఫ్లాట్ చూసుకోవడమే మేలు. ఇలాంటి పోర్షనే తీసుకోవాల్సి వస్తే, అడ్వాన్స్ ఇచ్చేముందు ఓనర్‌ను పక్కన పెట్టుకుని మోటార్ వేయించి ఆ ఎర్ర లైటు చూడండి.