హాంకాంగ్‌లో పదకొండేళ్ల హెచ్‌ఎస్‌బీసీ ఖాతా

హాంకాంగ్ వచ్చిన మొదటి వారంలోనే హెచ్‌ఎస్‌బీసీలో ఖాతా తెరిచాను. పదకొండేళ్లయింది. జీతం పడేది ఇందులోనే, అద్దె కట్టేదీ ఇందులోంచే. స్నేహితులతో కలిసి భోంచేస్తే ఎవరి వాటా వాళ్లు పంపుకునేది కూడా ఈ బ్యాంకు 2017లో తెచ్చిన పేమీ యాప్‌లోనే.

నాకు దీనిలో బాగా నచ్చింది దేశం దాటి డబ్బు పంపడం. ఒకే ఖాతాలో హాంకాంగ్ డాలర్లు, అమెరికా డాలర్లు, పౌండ్లు విడివిడిగా ఉంచుకోవచ్చు. రేటు బాగున్న రోజు మార్చుకుని, అవసరమైన రోజు పంపుతాను. అంతకుముందు వేరే బ్యాంకులో పంపిన డబ్బు తొమ్మిది రోజులు ఎక్కడుందో తెలియక పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

నిజానికి ఈ బ్యాంకు పుట్టిందే అందుకు. చైనీస్ పేరు వేఫూంగ్‌కి డబ్బు బదిలీలు పుష్కలం అన్న అర్థం వస్తుంది. ఓడల కంపెనీ పీ అండ్ ఓలో పనిచేసే థామస్ సదర్లాండ్ అనే స్కాట్లాండ్ యువకుడు, ఇక్కడి వర్తకులకు ఇక్కడే ఒక బ్యాంకు ఉండాలని పూనుకున్నాడు. 1865 మార్చిలో హాంకాంగ్‌లో తెరిచారు, నెల తిరిగేసరికి షాంఘైలోనూ. 1959లో మర్కంటైల్ బ్యాంకును కొని భారత్‌లో, మరో కొనుగోలుతో మధ్యప్రాచ్యంలో బలపడింది. 1965లో హాంగ్ సెంగ్ బ్యాంకులో మెజారిటీ వాటా తీసుకుంది. 1992లో బ్రిటన్‌లోని మిడ్‌లాండ్ బ్యాంకును కొన్నాక ప్రధాన కార్యాలయం లండన్‌కు మారింది.

అన్నీ కలిసిరాలేదు. 2003లో కొన్న అమెరికా రుణసంస్థ హౌస్‌హోల్డ్ సబ్‌ప్రైమ్, అంటే తీర్చే స్తోమత తక్కువున్నవాళ్లకిచ్చిన అప్పుల దెబ్బకు భారీ నష్టాలు తెచ్చింది. మెక్సికో మాదకద్రవ్యాల ముఠాల డబ్బును అడ్డుకోనందుకు 2012లో అమెరికాకు దాదాపు 190 కోట్ల డాలర్లు కట్టింది. ఇది చిన్న తప్పు కాదు. పెద్ద మొత్తం పంపేటప్పుడు ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే, ఆ సంగతి గుర్తొచ్చి అడగడమే మంచిదనిపిస్తుంది.

వడ్డీ కోసం మాత్రం ఇక్కడికి రావద్దు. 2022 సెప్టెంబరులో పెంచేదాకా పొదుపు ఖాతాపై ఏళ్ల తరబడి 0.001 శాతమే. అంటే లక్ష డాలర్లు ఉంచితే ఏడాదికి ఒక్క డాలరు. హాంకాంగ్ డాలరు అమెరికా డాలరుకు ముడిపడి ఉంది కాబట్టి వడ్డీలూ అక్కడి దారినే నడుస్తాయి. మిగులు డబ్బు నేను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెడతాను.

క్వీన్స్ రోడ్ సెంట్రల్‌లోని ప్రధాన భవనానికి పనుంటే నడిచే వెళ్తాను. గుమ్మం ముందు రెండు కంచు సింహాలు. నోరు తెరిచింది స్టీఫెన్, మూసింది స్టిట్. రెండో ప్రపంచ యుద్ధంలో కరిగించడానికి జపాన్‌కు తరలించుకుపోయినా కరగకుండా తిరిగొచ్చాయి. స్టీఫెన్ ఒంటిని తడిమితే ఆనాటి యుద్ధంలో పడ్డ గుంటలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. వచ్చేపోయేవాళ్లు నిమిరీ నిమిరీ పంజాలు మెరుస్తుంటాయి. ఖాతా తెరిచిన రోజు నేనూ నిమిరాను.