ఎడ్మోడో, వాట్సాప్, గూగుల్ క్లాస్‌రూమ్: ఒక సైన్స్ టీచర్ వాడి చూసిన మూడు

పిల్లలతో ఆన్‌లైన్‌లో మాట్లాడటానికి ఏది మంచిదని కొత్తగా చేరిన టీచర్లు తరచూ అడుగుతుంటారు. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతూ ఈ మూడూ ఏళ్ల తరబడి వాడాను. నేను ముందుగా చూసేది ఒక్కటే: గ్రూపులో ఎవరు ఎవరితో మాట్లాడొచ్చన్నది టీచరు చేతిలో ఉందా, లేదా? క్విజ్‌లూ బ్యాడ్జీలూ ఆ తర్వాతే.

ఆ లెక్కన ఎడ్మోడోని మించింది నాకు ఇంకా దొరకలేదు. 2008లో అమెరికాలో మొదలైన ఈ సైటు చూడటానికి అచ్చం ఫేస్‌బుక్‌లా ఉండేది. అందుకే పిల్లలకు పెద్దగా నేర్పాల్సిన పనిలేదు. టీచరు ఇచ్చిన కోడ్ ఉంటేనే లోపలికి రాగలిగేవారు. ఈమెయిల్ అక్కర్లేదు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిపోయేవి. అందరూ చేరాక కోడ్‌ను లాక్ చేసేసే వీలుండేది. నాకు అన్నిటికంటే నచ్చింది, పిల్లలు ఒకరికొకరు విడిగా మెసేజ్ పెట్టుకునే వీలు లేకపోవడం. రాస్తే అందరూ చూసేలా గ్రూపులో రాయాల్సి వచ్చేది, లేదంటే టీచరుకు రాయాలి. అల్లరి శ్రుతి మించితే, టీచరు చూసి సరేనన్నాకే పోస్టు కనబడేలా పెట్టుకునే వీలుండేది.

దీంతో క్లాసులో నోరు విప్పనివాళ్లు రాయడం మొదలుపెట్టారు. పుటాకార కటకానికి నాభ్యంతరం ఎందుకు రుణాత్మకం అని క్లాసులో లేచి అడిగితే పక్కవాళ్లు నవ్వుతారని భయం. అదే ప్రశ్న రాత్రి ఎనిమిదింటికి గ్రూపులో వచ్చేది. నేను జవాబు రాసేలోపే ఇంకో అమ్మాయి కిరణ చిత్రం గీసి ఫొటో పెట్టేది. బాణం గుర్తు తప్పుగా ఉందని మరొకరు దాని కిందే పట్టేసేవారు. పీరియడ్‌లో ఇంత చర్చ నడపడం నా వల్ల కాదు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాక అందరం వాట్సాప్ మీద పడ్డాం. సెలవు కబురు, పరీక్షల టైమ్‌టేబుల్ చేరవేయడానికి దానికి సాటి లేదు, ఇప్పటికీ వాడతాను. క్లాసు నడపడానికి మాత్రం వద్దంటాను. మామూలు గ్రూపులో ప్రతి ఒక్కరి ఫోన్ నంబర్ మిగతా అందరికీ కనిపిస్తుంది. టెన్త్ చదివే ఆడపిల్లల నంబర్లు అలా బయటపెట్టడం ఏ తల్లిదండ్రులకు ఇష్టం? అడ్మిన్లే రాసేలా పెడితే గోల తగ్గుతుంది గానీ పిల్లల ప్రశ్నలూ ఆగిపోతాయి, అది వట్టి నోటీసు బోర్డు. పెట్టకపోతే గుడ్ మార్నింగ్ పూలు, ఎవరి మేనమామో పంపిన ఫార్వర్డ్‌లు, వరసగా "ఓకే సార్"లు. వాటి మధ్య హోంవర్క్ వెతుక్కోవాలి. పైగా పిల్లలు వాడే ఆ ఇంటి ఫోన్ పొద్దున్నే నాన్నతో పాటు పొలానికి వెళ్లిపోతుంది.

ఎడ్మోడో కథ మాత్రం బాగా ముగియలేదు. 2017లో దాదాపు 7.7 కోట్ల ఖాతాల వివరాలు హ్యాకర్ల చేతికి చిక్కాయి. 2018లో చైనా కంపెనీ నెట్‌డ్రాగన్ దాన్ని కొంది. 2022 సెప్టెంబరు 22న అది మూతపడింది. మరుసటి ఏడాది, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల వివరాలను ప్రకటనలకు వాడారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టి, 60 లక్షల డాలర్ల జరిమానా దాకా తీసుకెళ్లింది. ఉచితంగా ఇచ్చేవాళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో టీచర్లం అడగనే అడగం. మన దేశంలో 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. నేనైతే పిల్లల్ని దేంట్లో చేర్చినా ముందు ఇంటి నుంచి సంతకం తెప్పించి హెచ్.ఎం. గారికి ఇస్తున్నాను.

ఇప్పుడు వాడుతున్నది గూగుల్ క్లాస్‌రూమ్. నంబర్లు కనబడవు, హోంవర్క్ దిద్దడం తేలిక, ఒక్కో పిల్లవాడి పని కింద విడిగా వ్యాఖ్య రాయొచ్చు. చర్చకు మాత్రం అంత బాగోదు, పిల్లలు వచ్చి అప్పజెప్పి వెళ్లిపోతారు. గూగుల్ ఖాతా తప్పనిసరి కాబట్టి చాలామంది ఇంట్లోవాళ్ల జీమెయిల్‌తోనే వస్తారు. నా జాబితాలో సగం పేర్లు తండ్రులవే. అందుకే జవాబు మొదటి వరసలో పేరు, రోల్ నంబర్ రాయిస్తాను. స్ట్రీమ్ (క్లాసు పోస్టులన్నీ వరసగా కనబడే పేజీ) సెట్టింగ్‌లో పిల్లలు పోస్టు కూడా పెట్టేలా ఉంచుతాను, గొడవ చేసినవాళ్లను మ్యూట్ చేస్తాను. ఏడాది చివర మంచి ప్రశ్నలు, జవాబులు ఏరి పీడీఎఫ్ చేసి బడి కంప్యూటర్‌లో పెడుతున్నాను. కొత్త బ్యాచ్‌కి జూన్‌లో ముందు అవే చూపిస్తాను, ప్రశ్న ఎలా అడగాలో వాటిని చూసే పట్టుకుంటారు.