ఆరేళ్లుగా ఎనిమిది అంగుళాల డాబ్‌తో గోళాకార గుచ్ఛాలు

గ్రహాలు చూద్దామని కొన్న ఎనిమిది అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోప్ ఇది. ఆరేళ్లు తిరిగేసరికి గోళాకార తారాగుచ్ఛాలకే, అంటే బంతిలా కిక్కిరిసిన నక్షత్రాల గుంపులకే, అంకితమైపోయింది. అందుకే ఈ సమీక్ష కూడా వాటి గురించే. శని వలయాల సంగతి ఎవరినడిగినా చెబుతారు.

మొదటి ఏడాది నిరాశే. హెర్క్యులిస్‌లోని ఎం13 అనే గుచ్ఛాన్ని కిందామీదా పడి పట్టుకుని, వెంట వచ్చిన 25 ఎంఎం ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) చూస్తే అద్దం మీద ఊపిరి ఊదినట్టు ఓ మసక మరక. ఈ ఎం నంబర్ల జాబితా తయారుచేసిన ఫ్రెంచ్ ఖగోళవేత్త మెస్సియర్ కూడా 1764లో దాన్ని నక్షత్రాలు లేని నెబ్యులాగానే (మబ్బులాంటి మరకగానే) రాసుకున్నాడని తెలిశాక కాస్త ఊరట కలిగింది.

తప్పు నాదే. మసక వస్తువులకు తక్కువ మాగ్నిఫికేషనే వాడాలన్న సలహా పట్టుకుని 48 రెట్ల దగ్గరే ఆగిపోయాను. వీటికి ఆ సలహా పనికిరాదు. మాగ్నిఫికేషన్ పెంచితే వెనకున్న ఆకాశం నల్లబడుతుంది. నక్షత్రాలు ఉత్త చుక్కలు కాబట్టి వాటి వెలుగు అంతగా తగ్గదు, పైగా ఎడంగా జరుగుతాయి. ఓ అమావాస్య రాత్రి 10 ఎంఎం ఐపీస్, ఆపైన 6 ఎంఎం పెట్టాను (ఎంఎం తగ్గేకొద్దీ మాగ్నిఫికేషన్ పెరుగుతుంది). 200 రెట్లు. చూపు కాస్త పక్కకు వేసి కూర్చుంటే అంచున ఓ చుక్క మెరిసి మాయమైంది, మళ్లీ సరిగ్గా అక్కడే మెరిసింది. దాని పక్కన ఇంకోటి. అరగంటకల్లా ముగ్గుపిండి చేజారి ఒలికినట్టు నడిమధ్య దాకా చుక్కలే. అవి 20 వేల కాంతి సంవత్సరాలకు పైనే ఉన్నాయని అప్పుడు గుర్తురాలేదు, మెడ నొప్పి మాత్రం గుర్తొచ్చింది.

పేరంతా ఎం13కి వచ్చింది గానీ, ఈ టెలిస్కోప్‌లో నా ఓటు ధనుస్సులోని ఎం22కే. దాదాపు 10 వేల కాంతి సంవత్సరాల దూరమే కాబట్టి సులువుగా విడి చుక్కలుగా విడిపోతుంది. జ్యేష్ఠ పక్కనున్న ఎం4 ఇంకా దగ్గర, దాని నడుమ గీత గీసినట్టు నక్షత్రాల వరుస స్పష్టంగా కనిపిస్తుంది. ఎం55 పలచన, ఆకాశంలో కొంచెం వెలుతురున్నా చెరిగిపోతుంది. ధనుస్సు వైపు ట్యూబు తిప్పితే చాలు, అడుగుకో గుచ్ఛం తగులుతుంది. గుచ్ఛాలు ఇలా ఒకే వైపు గుమిగూడడం చూసే పాలపుంత కేంద్రం మన దగ్గర లేదు, అటువైపు ఉందని 1918లో అమెరికా ఖగోళవేత్త షాప్లే తేల్చాడు.

ఇక విసుగులు. ఆకాశంతో పాటు తనంతట తానే తిరిగే ట్రాకింగ్ లేదు. 200 రెట్లలో గుచ్ఛం నిమిషం పైచిలుకులో ఐపీస్ దాటిపోతుంది, చేత్తో నెట్టుకుంటూనే ఉండాలి. నడినెత్తి దగ్గర ఆ నెట్టుడు నరకం. పీఠం చెక్కపొట్టు బోర్డు కావడంతో మంచుకు తడిసి ఓ మూల ఉబ్బింది. కొలిమేషన్ ప్రతిసారీ చూసుకోవాల్సిందే. అద్దాల అమరిక కొంచెం తప్పినా, పైన చెప్పిన చుక్కలన్నీ మళ్లీ మరకైపోతాయి. చిన్న అద్దం మీద మంచు పట్టి ముగిసిపోయిన రాత్రులైతే లెక్కలేదు.

పదంగుళాలది కొందామని రెండుసార్లు అనుకుని, ఆ డబ్బు మంచి ఐపీస్‌కు పెట్టాను. దానికి విచారం లేదు. ఎం15 నడిబొడ్డు మాత్రం ఎంత పెంచినా విడిపోదు. అందులోనే పీజ్ 1 అనే గ్రహ నీహారిక (ముగింపుకొచ్చిన నక్షత్రం వదిలిన వాయు మేఘం) దాక్కుని ఉంది. మ్యాప్ పట్టుకుని మూడేళ్లుగా వెతుకుతున్నా, ఇంకా దొరకలేదు.