ఇరిడియం ప్లగ్గులు, ఒక కాయిల్, 62 వేల కిలోమీటర్లు

మాది కడప. కారు 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాలుగు సిలిండర్లు, ఒక్కోదాంట్లో పెట్రోలు అంటించే స్పార్క్ ప్లగ్గు, ఒక్కో ప్లగ్గు మీద దానికి హై వోల్టేజీ ఇచ్చే ఒక్కో కాయిల్. 48 వేల దగ్గర పాత నికెల్ ప్లగ్గులు తీసి ఎన్‌జీకే కంపెనీ ఇరిడియం (గట్టి లోహం) మొన ఉన్నవి వేశాను. ఇప్పుడు మీటరు 1,10,000 చూపిస్తోంది.

మైలేజీ కోసమైతే వీటికి డబ్బు పెట్టొద్దు. నాకు తేడా ఏమీ తెలియలేదు. మన్నిక మాత్రం నిజం. పాత ప్లగ్గుల్లో ఎలక్ట్రోడ్ (స్పార్క్ పుట్టే మొన) అంచులు గుండ్రంగా అరిగి, స్పార్క్ దూకే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు ఉండాల్సింది 1.4 అయింది. గ్యాప్ పెరిగేకొద్దీ స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ బరువు మోసేది కాయిలే. ఇరిడియంవి 30 వేలు తిరిగాక తీసి చూస్తే గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్‌కి తేడా అందలేదు. మొన సన్నం, 0.6 మిల్లీమీటర్లే. వైర్ బ్రష్ పెట్టి రుద్దకండి.

అసలు ఇబ్బంది పెట్టింది కాయిల్. పోయిన ఏడాది ఎండాకాలం రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే మూడో గేర్లో బండి దగ్గడం మొదలుపెట్టింది. చెక్ ఇంజన్ లైట్ కొట్టుకుంటోంది. ఊరికే వెలిగి ఉంటే నిదానంగా చూపించుకోవచ్చు. ఇట్లా కొట్టుకుంటే కాలని పెట్రోలు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతున్నట్టు, అది పాడైతే ఖర్చు మామూలుగా ఉండదు. యాక్సిలరేటర్ తగ్గించి ఎట్లాగో పైకి చేరి, కోవా అంగళ్ల ముందు ఆపాను. ఇంజన్ చల్లారేదాకా కోవా తినడం తప్ప వేరే పని లేదు.

విచిత్రమేమంటే కడపలో చదును రోడ్డు మీద బండి బాగానే నడిచింది. లోడ్ పడి సిలిండర్లో ఒత్తిడి పెరిగినప్పుడే నీరసపడిన కాయిల్ బయటపడుతుంది. ఒక గ్యారేజీలో నాలుగు కాయిళ్లూ మార్చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. స్కానర్ పెడితే వచ్చిన కోడ్ పీ0303, అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్, అందులో పెట్రోలు సరిగా అంటుకోవడం లేదని. మూడో కాయిల్ ఒకటోదాని చోట పెట్టి మళ్లీ ఘాట్ ఎక్కాను. ఈసారి పీ0301, అంటే ఒకటో సిలిండర్! దొంగ దొరికాడు.

ఆ కాయిల్ రబ్బరు గొట్టం మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. కరెంటు ప్లగ్గుకు పోకుండా పక్కనుంచి ఇంజన్ బాడీలోకి దూకిన జాడ అది. ప్లగ్గు గుంతలో ఆయిల్ కూడా ఉంది. పైన వాల్వ్ కవర్ గ్యాస్కెట్ (ఇంజన్ పై మూతకుండే సీలు) దగ్గర ఆయిల్ కారి కాయిల్ రబ్బరును ఉబ్బించేసింది. గ్యాస్కెట్ మార్చకుండా కాయిల్ మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. నేను ముందు సగం ధరకు దొరికిన కాయిల్ వేసి నాలుగు నెలలకే పారేశాను. ఒరిజినల్ వేశాక మళ్లీ చూడాల్సిన పని పడలేదు, మిగతా మూడూ కంపెనీవే.

ప్లగ్గులు మీరే మార్చుకుంటే ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. ముందు గుంతల్లో గాలి కొట్టండి, మన దుమ్ము సంగతి తెలిసిందే కదా. మరలు వేళ్లతోనే ఎక్కించి, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గయితే ఆనాక అర చుట్టు తిప్పితే చాలు. ఇంతకుముందు ఎవరో బలమంతా పెట్టి బిగించిన ప్లగ్గు ఊడదీయడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.

నాలుగో కాయిల్ క్లిప్పు వేడికి పెళుసెక్కి చేతిలోనే విరిగింది. జిప్ టై కట్టి నడుపుతున్నాను, ఏడాదిగా కదల్లేదు.