మూత పెట్టినా వెలుగే: డాబా మీద కూలింగ్ కెమెరాతో మూడేళ్లు

మా పర్లాకిమిడి డాబా మీద రాత్రి ఆకాశాన్ని ఫోటోలు తీసే ఈ కూలింగ్ మోనో (నలుపు-తెలుపు) కెమెరాకి మూడేళ్లు నిండాయి. ఎక్కువగా 850 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టి, కంటికి ఆనని పరారుణంలోనే వాడతాను. కంపెనీ పేరు చెప్పను. తప్పు దానిదో నాదో తేలడానికే ఏడాది పట్టింది మరి.

సెన్సర్‌ని బయటి వేడికంటే 35 డిగ్రీలు కిందికి దింపుతుందని డబ్బా మీద రాసుంది. మే నెల రాత్రి 30 ఉంటే మైనస్ 5 రావాలి. వస్తుంది, కానీ కూలర్ నూటికి నూరు శాతం లాగుతూ అరడిగ్రీ అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ఎండాకాలమైనా చలికాలమైనా సున్నా దగ్గరే ఆపుతాను. అప్పుడు ఒకే డార్క్‌ల కట్ట (మూత పెట్టి తీసి, అసలు ఫోటోల్లోంచి తీసేసే చీకటి ఫ్రేములు) ఏడాదంతా పనికొస్తుంది. సెన్సర్ సిలికాన్‌లో ప్రతి 6, 7 డిగ్రీలకి డార్క్ కరెంట్ (వెలుగు లేకున్నా వేడికి పుట్టే సిగ్నల్) రెట్టింపవుతుంది కాబట్టి, 30 నుంచి సున్నాకి దిగితే 20, 30 రెట్లు తగ్గినట్టే. దానివల్ల ఫోటోలో వచ్చే గరుకు, అంటే నాయిస్‌ది మాత్రం వర్గమూలం లెక్క, తగ్గేది ఐదు రెట్లే.

మొదటి ఏడాది డార్క్‌లు పగలే తీసేవాణ్ణి, రాత్రి ఆకాశం ఎందుకు పాడుచేసుకోవాలని. నల్ల ప్లాస్టిక్ మూత బిగించి, 300 సెకన్ల ఫ్రేములు ముప్పై. ప్రతిదాన్లో ఒక మూల బూడిదరంగు మరక! సెన్సర్ పోయిందని తిట్టుకున్నాను. ఓ రాత్రి అదే మూతతో తీస్తే మరక లేదు. మూత నలుపు మన కంటికే, పరారుణం అందులోంచి దూరిపోతోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా సంగతి. పరోటాలు చుట్టే అల్యూమినియం రేకు రెండు చుట్లు చుట్టాను, మరక మాయం. "ఏట్రా, కెమెరాకి కేరేజీ కట్టీసినావేటి?" అంది మా అమ్మ.

చిలీలో విస్టా టెలిస్కోప్‌కి 2023 దాకా ఉన్న సర్వే కెమెరాలో, పరారుణాన్ని పట్టే మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్ డిటెక్టర్లు 16 ఉండేవి. వాటిని దాదాపు మైనస్ 200 డిగ్రీలలో ఉంచేవారు. అవి 2 మైక్రాన్లు (2000 నానోమీటర్లు) దాటి చూసేవి, అక్కడ వెచ్చటి మూతే దీపంలా వెలుగుతుంది. నా సిలికాన్ 1.1 మైక్రాన్ల దగ్గరే కళ్లు మూసుకుంటుంది గనక, డాబా వేడి దానికి కనబడదు.

వానాకాలంలో సెన్సర్ గాజు మీద ఆవిరి పడుతుంది, సిలికా జెల్ గుళికలు మార్చుకుంటూ ఉండాల్సిందే. కరెంటు పోతే కూలర్ మళ్లీ మొదటికొస్తుంది. ఇన్వర్టర్ లేనివాళ్లు దీని జోలికి పోకండి.

మళ్లీ కొంటానా అంటే కొంటాను. మూత మాత్రం లేత్ షాపులో ఇత్తడిది చేయించుకున్నాను, రేకు గోల తప్పింది.