మారతహళ్లి తాయ్ చీ క్లాసు: మూడు నెలల తర్వాత నా మాట

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక మేడ మీద పొద్దున్నే జరిగే తాయ్ చీ (మెల్లటి కదలికలతో చేసే చైనా వ్యాయామం) క్లాసుకి మూడు నెలలుగా వెళ్తున్నాను, మోకాళ్ళ నొప్పితో జిమ్ మానేశాక మా ఆవిడ పోరు పడలేక చేరాను. మొదటి వారం నవ్వొచ్చింది, ఇంత మెల్లగా చేతులు ఊపితే ఏం ఒరుగుతుందని. కానీ మోకాళ్ళు కొంచెం వంచి, ఒంటి బరువంతా ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి నెమ్మదిగా మార్చి చూడండి, పది నిమిషాల్లో తొడలు వణుకుతాయి! నేర్పేది 1956లో చైనాలో కుదించి తయారుచేసిన 24 భంగిమల యాంగ్ పద్ధతి, యాంగ్ అంటే తాయ్ చీలో ఒక శైలి. తర్వాతి కదలిక ఏమిటో గుర్తుపెట్టుకోవాలి కాబట్టి ఆఫీసు టెన్షన్ ఆ గంటసేపు తలలోకి రాదు, నాకైతే అదే పెద్ద లాభం. ఇప్పుడు ఒంటికాలి మీద నిలబడి సాక్సు వేసుకుంటున్నాను. పెద్దవాళ్ళు తూలి పడటం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది, అందుకే ఊరి నుంచి వచ్చిన నాన్నని కూడా తీసుకెళ్ళాను, ఆయనకి కుర్చీ పట్టుకుని చేయడం నేర్పారు.

చిరాకేమిటంటే, ఇరవై మందికి ఒక్కరే మాస్టారు, మోకాలు లోపలికి వంగిపోతున్నా చూసేవాళ్ళుండరు, రెండో వారం నాకు అలాగే నొప్పి పెరిగింది. ఫీజు మూడు నెలలది ముందే కట్టించుకుంటారు. త్వరగా బరువు తగ్గాలనుకునేవాళ్ళు మాత్రం ఇక్కడికి రాకండి.