అధ్యక్షుడి ఎన్నిక: ప్రజల ఓటా, చట్టసభల ఓటా?

ఎన్నిక: ఫ్రాన్స్‌లో 1962 ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత అధ్యక్షుడిని ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. తొలి విడతలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే దేశమంతా మళ్లీ ఓటేయాలి; ఖర్చు, శ్రమ ఎక్కువే. భారత్‌లో ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓటేస్తే చాలు.

అధికారం: ఫ్రాన్స్ అధ్యక్షుడు పార్లమెంటు దిగువ సభ అయిన నేషనల్ అసెంబ్లీని రద్దు చేయగలడు. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు కట్టుబడాలని 1976లో 42వ సవరణ స్పష్టం చేసింది. ఆ సలహాను ఒకసారి పునఃపరిశీలనకు పంపే వీలును 1978లో 44వ సవరణ ఇచ్చింది. ఈ చిన్న వీలు నా దృష్టిలో చాలా విలువైనది. ప్రభుత్వం మరోసారి ఆలోచించక తప్పదు.

ముప్పు: అక్కడ ఒకరి చేతిలోనే అధికారం పోగుపడటం. ఇక్కడ పదవి సంతకానికే పరిమితం కావడం.

ప్రభుత్వాలు తరచూ కూలే దేశానికి ప్రత్యక్ష ఎన్నిక నిలకడనిస్తుంది. అనేక భాషలు, రాష్ట్రాలున్న సమాఖ్యకు పార్టీల పోరుకు అతీతంగా నిలిచే పెద్ద కావాలి. దానికి పరోక్ష ఎన్నికే తగినది.